చవక ట్యాబులో పన్నెండు పువ్వులు

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని సూర్యకళ తన కొత్త ట్యాబు తెరిచింది. తెరిచిందనడమే గానీ అది తెరుచుకోవాలిగా! చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. అది వెలిగేలోపు కాఫీ అయిపోయింది.

లోపలి గదిలో తోడికోడలు ఉషారాణి ట్యాబు అద్దంలా మెరుస్తోంది. పుట్టింటి అన్న కొనిచ్చింది మరి. దాన్ని చూసిన రోజు నుంచీ సూర్యకళకి అన్నం సయించలేదు. భర్త గంగరాజు ప్రాణం తోడేసి, వారం తిరక్కుండా ఈ చవక రకం కొనిపించుకుంది.

"పాటలకీ పిల్లల పాఠాలకీ చాలుతుందట. సన్నని గీతలు మాత్రం సరిగా కనబడవని కొట్టతనే చెప్పాడే" అన్నాడతను.

"కొనలేక చెప్పే కబుర్లు!" అని నోరు మూయించింది.

నిజానికి ఆ ట్యాబుతో సుఖమూ లేకపోలేదు. పిల్లలు కింద పడేసినా గుండె గుభేలుమనదు. ఉషారాణికైతే తనదాన్ని బీరువాలోంచి తీయాలంటేనే భయం. అయినా సరే, ఆ మెరుపు చూస్తే సూర్యకళకి కడుపు రగిలిపోయేది.

నరసాపురంలో ఆ వీధి మొత్తానికీ లేసు అల్లికంటే సూర్యకళదే. విదేశాలకి వెళ్ళే టేబుల్ కవర్ల పని ఇప్పించే అచ్చాయమ్మగారు, చివర్లో పువ్వులన్నీ కలిపి అతికే పని ఇరవై ఏళ్ళుగా ఈమెకే ఇస్తున్నారు. ఆ పేరే సూర్యకళ ఆస్తి. ఈసారి డిజైను ఫోటో ఇద్దరి ట్యాబులకీ పంపి, చెరో పన్నెండు పువ్వులు అల్లమన్నారు.

"అక్కా, నా దాంట్లో బాగా కనబడుతోంది, చూస్తారా?" అని మొదటిరోజే అడిగింది ఉషారాణి.

"మాకూ ఉందమ్మా ట్యాబు!" అని మూతి తిప్పుకుంది సూర్యకళ.

ఇవాళ పది గంటలకి అచ్చాయమ్మగారు వచ్చి, ఇద్దరూ అల్లిన పువ్వులన్నీ చాప మీద పేర్చారు. ఉషారాణివి చక్కగా ఒదిగాయి. వాటి పక్కన పెడితే సూర్యకళవి పన్నెండూ పొట్టే.

"ఇదేంటమ్మాయ్? ఇవెలా అతుకుతాయి? రేపు పార్సిల్ వెళ్ళాలి. ఇలాగైతే అతుకు పని ఇంకెవరికైనా ఇచ్చుకోవాల్సిందే."

సూర్యకళ భగ్గుమంది. "ఈ ఉషారాణే కావాలని ఒక వరస ఎక్కువేసిందండీ! నా పేరంటే దీనికెప్పుడూ కుళ్ళే!"

"సాయంత్రం వస్తాను. ఈలోగా మీరూ మీరూ తేల్చుకోండి" అని ఆవిడ లేచి వెళ్ళిపోయారు.

ఉషారాణి తన ట్యాబులో డిజైను ఫోటో తెరిచి తెచ్చి చవక ట్యాబు పక్కన పెట్టింది. ఖరీదైన దాంట్లో పువ్వు అంచు దగ్గర రెండు సన్నని వరసలు విడివిడిగా ఉన్నాయి. సూర్యకళ దాంట్లో రెండూ అలుక్కుపోయి ఒక్కటిగా ఉన్నాయి. పెద్దది చేసి చూద్దామంటే అది బిగుసుకుపోయి కదల్లేదు.

"ఇరవై ఏళ్ళలో ఒక్క కుట్టు తప్పలేదే నాకు..." అంటూ సూర్యకళ కూలబడింది.

"కుళ్ళని మీరన్నది నిజమే అక్కా" అంది ఉషారాణి. "వరస ఎక్కువెయ్యలేదు గానీ, మీ పువ్వులు తగ్గాయని మూడురోజుల క్రితమే చూశాను. కావాలనే చెప్పలేదు. నేనెంత బాగా అల్లినా 'సూర్యకళ తోడికోడలివా' అంటారే గానీ, నా పేరెవరికీ గుర్తుండదు. ఒక్కసారి మీరు తప్పితే చూడాలనిపించింది." చెబుతూనే ఏడ్చేసింది.

సూర్యకళ కొట్టినంత పని చేసేదే. కానీ ఆ ఏడుపులో ఆమెకి తన మంటే వినిపించింది.

"ఓసి పిచ్చిదానా! నీ ట్యాబు చూసి నేనేడుస్తుంటే, నా చేతులు చూసి నువ్వేడుస్తున్నావా?" అంది. ఆమెకీ కళ్ళు నిండాయి.

ఇద్దరూ సూదులందుకున్నారు. అంచు విప్పాలి, తప్పిన వరస వెయ్యాలి, మళ్ళీ అంచు అల్లాలి. మధ్యాహ్నం భోజనం కూడా గంగరాజు తనే వడ్డించుకున్నాడు. దీపాలు పెట్టే వేళకి ఇరవైనాలుగు పువ్వులూ సమానమయ్యాయి.

అచ్చాయమ్మగారు వచ్చి చూసి, "ఇప్పుడు బాగున్నాయి. ఇంతకీ తప్పెవరిది?" అన్నారు.

"నాదేనండి" అంది సూర్యకళ. ఉషారాణి ఏదో చెప్పబోతే చెయ్యి నొక్కి ఆపింది. "చూపిస్తానన్నా చూడలేదు నేను. ఈసారి అతుకు ఉషారాణి వేస్తుందండి. ఎవరైనా అడిగితే ఆ పేరే చెప్పండి."

ఉషారాణి దారపు ఉండ ఒళ్ళో పెట్టుకుని, మొదటి కుట్టు ఎక్కడ వెయ్యాలో కనబడక, మాటిమాటికీ కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది.