రంగు కింద పగులు

ఓడలు తనిఖీ చేసే ముసలి సర్వేయర్‌ను చంపడానికి హంతకులు కత్తి వాడలేదు, తుపాకీ వాడలేదు. ఓడ అడుగున ఏడాదిగా ఖాళీగా మూసి ఉన్న, ఓడ తూకం కోసం నీళ్లు నింపే బలాస్ట్ ట్యాంకులోకి ఆయన దిగగానే పైన మూత బిగించేశారు. మూసిన ట్యాంకులో తుప్పే ప్రాణవాయువును మింగేస్తుంది. పోలీసులు యాక్సిడెంట్ అని రాసి ఫైలు కట్టేశారు.

చీఫ్ ఆ ఫైలును టేబుల్ మీద పడేసి, శవం జేబులో దొరికిన కాగితాన్ని ఏజెంట్ ట్వెల్వ్ చేతికిచ్చాడు. ఓడ డెక్ బొమ్మ అది. సరుకు దించే హాచ్ కంత మూల ఒకదాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది.

"ఇది పరాయి దేశపు ముఠా పని. ఓడ పదకొండుకి బయల్దేరుతుంది. నాలుగొందల మంది ప్రయాణికులు. హార్బర్ మూతి దగ్గర అది రెండు ముక్కలైతే లోపలున్న మన యుద్ధనౌకలు నెలల తరబడి కదల్లేవు."

"ఆపించొచ్చుగా?"

"ఆపితే ముఠా జారుకుంటుంది. ఓడలో మన మనిషి ఉంది, కోడ్ పేరు ముఖమల్. సర్వేయర్ వేషంలో. వెళ్లి కలువు."

నాలుగొందల మందిని ఎరగా వేసి చేపలు పడుతున్న చీఫ్‌ను చూస్తే ట్వెల్వ్‌కు ఒళ్లు మండింది. ఆ ఓడ కెప్టెన్ అతని సొంత బావ. ఈ ట్రిప్పులో అక్క కూడా వెళ్తోంది. పళ్లు కొరుక్కుంటూ పెయింటర్ వేషం వేసుకుని, బకెట్ పట్టుకుని ఓడెక్కాడు.

"ఉప్పు ఎక్కువా?" అన్నాడు కోడ్ ప్రకారం.

"తుప్పే ఎక్కువ," అంది ముఖమల్. తెల్లటి బాయిలర్ సూటులో కూడా ఆమె కళ్లు చెదిరే అందగత్తె. ట్యాంకులన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు పాకి చూశానని, ఓడ ఉక్కుపిండంలా ఉందని, ఇక వెళ్లిపొమ్మని చెప్పింది. ట్వెల్వ్ ఆమె మోకాళ్లు చూశాడు. ఈ ఉద్యోగానికి ముందు అతను పదేళ్లు షిప్‌యార్డులో వెల్డర్. ట్యాంకులో పాకినవాడి మోకాళ్లకు అంటిన తుప్పు మూడు ఉతుకులకు కూడా వదలదు. ఈవిడకు ఇస్త్రీ మడత చెదరలేదు. రెండు పక్షాల జీతం తింటోందన్నమాట. ముందు పగులు దొరకాలి కాబట్టి, సరే మేడమ్ అని తల ఊపి వచ్చేశాడు.

డెక్ అంతా పెచ్చులూడుతుంటే ఒక్క హాచ్ మూల మాత్రం కొత్త రంగుతో తళతళలాడుతోంది. పైన పటారం, లోన లొటారం. రంగు గీకి, షేవింగ్ ఫోమ్ డబ్బాలో దాచిన ఎర్ర డై చల్లి, తుడిచి, తెల్ల పౌడర్ కొట్టాడు. లోపలికి ఇంకిన డై పైకి ఊరి, తెలుపులో ఎర్రటి గీత తేలింది. జానెడు పగులు! హాచ్‌ను ఎవరో గ్యాస్ కట్టర్‌తో పెద్దది చేసి, మూలను గుండ్రంగా తిప్పకుండా చదరంగా వదిలేశారు. ఓడ బరువు మొత్తం వచ్చి అలాంటి మూల మీదే పడుతుంది. పైగా చలి. చలికి ఉక్కు పెళుసవుతుంది.

అప్పుడే హారన్ మోగింది. ఓడ కదిలింది.

ట్వెల్వ్ పరుగున బ్రిడ్జి మీదికి వెళ్లి బావను నిలదీశాడు. బావ మొహం పాలిపోయింది. సరుకు దించడం తేలికవుతుందని హాచ్ తానే కోయించాడట. పగులు సంగతి తెలిస్తే ఓడను కట్టేస్తారని రంగేయించాడట. పోయిన ట్రిప్పులో ఏమీ కాలేదు కదా అన్నాడు.

"ముఠావాళ్లు ఈ ఓడకి గోరంత గీత కూడా పెట్టలేదు బావా. పగులు నీది. వాళ్లు చూసి సంతోషించారు, అంతే. ఆ పంపులెందుకు తిరుగుతున్నాయి?"

సర్వేయర్ మేడమ్ ఏదో టెస్టు కోసం రెండు చివర్లా ట్యాంకులు నింపి, మధ్యవి ఖాళీ చేయిస్తోందట. ట్వెల్వ్ రక్తం సలసల మరిగింది. రెండు చివర్లూ బరువెక్కితే ఓడ నడుం పైకి లేస్తుంది, డెక్ సాగుతుంది, పగులు నోరు తెరుస్తుంది. ఇంజిన్ ఆపించి, డ్రిల్లు పట్టుకుని హాచ్ దగ్గరికి రమ్మని బావకు చెప్పి పంపు రూముకు దూకాడు.

ముఖమల్ లిప్‌స్టిక్ తీసి గురిపెట్టింది. అందులో ఒక్కటే తూటా. ట్వెల్వ్ చేతిలోని బకెట్ రంగును ఆమె మొహాన కుమ్మరించాడు. తూటా సీలింగుకు తగిలింది. ఆమెను పైపుకు కట్టేసి పంపులను రివర్స్ చేశాడు.

నీళ్లు సర్దుకోవడానికి టైమ్ పడుతుంది. అతను పైకి పరుగెత్తేసరికి డెక్ మీద ఫెళ్లుమంది. జానెడు పగులు మూరెడైంది. బావామరుదులిద్దరూ మోకాళ్ల మీద కూలబడి, పగులు కొసకు నాలుగు వేళ్ల ముందు డ్రిల్లు పెట్టి బలమంతా మోపారు. ప్లేటుకు ఇటు నుంచి అటు కన్నం పడిన క్షణంలోనే పగులు మళ్లీ పరుగెత్తింది. ఆ గుండ్రటి కన్నంలో పడి ఆగిపోయింది. పగులుకు పదును కొసలోనే ఉంటుంది, కన్నంలో అది మొద్దుబారుతుంది. హార్బర్ మూతికి ఇంకా వంద గజాలుంది.

సాయంత్రం చీఫ్ ట్వెల్వ్ రాసిన రిపోర్టు చదివాడు. నేరస్థుల జాబితాలో మొదటి పేరు కెప్టెన్‌ది, తర్వాతే ముఖమల్, ముఠా. మొదటి పేరు కొట్టేద్దామన్నాడు చీఫ్, ఇంటి మనిషి కదా అని.

"ఉంచండి. ముసలాయన ఆ పగులు వెతుకుతూనే చచ్చిపోయాడు."

చీఫ్ ఫైలు మూసి, "మరి మీ అక్క గడప ఎలా తొక్కుతావయ్యా?" అన్నాడు.

"మారువేషంలో," అన్నాడు ట్వెల్వ్.