కోసేసిన ఇరవై సెకన్లు

పొద్దున ఏడింటికే బాన్సువాడలో హన్మాండ్లు మోటరు రిపేరు షాపు షట్టరు లేచింది. ముందుగది షాపు, వెనకగది ఇల్లు. భార్య సిరీష ఒక చేత్తో చాయ గ్లాసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"స్టార్టర్ వీడియో నలభై వేలు దాటింది! నువ్విగ పెద్దమనిషివైనవ్ పో."

"నలభై వేలమందికి నా మొకం చూసుడు తప్ప పనిలేదా ఏంది?" అన్నాడు గానీ, చాయ తాగుతూ తనూ ఫోనులోకి తొంగిచూశాడు.

పదిహేనేళ్లుగా బోరు మోటర్లు బాగు చేస్తున్న మనిషి. స్టార్టరు డబ్బాలో పాయింట్లు మాడితే మీరే రుద్దుకోండి, నా దాకా రావద్దు అని రైతులకు నేర్పుతుంటే, తన కడుపు తనే కొట్టుకుంటున్నాడని తోటి మెకానిక్‌లు నవ్వేవాళ్లు. చెప్పేది అతను, వీడియో తీసి కత్తిరించేది సిరీష. ఆ వీడియో మొదట్లో అతను నోరు మెదపకుండా, డబ్బాకు కరెంటు రాకుండా ఫ్యూజులు పీకి పక్కన పెట్టాడు. ఇరవై సెకన్లు మాటల్లేకుంటే జనం పారిపోతారని ఆమె ఆ ముక్క కోసేసింది. అంత పెద్ద తప్పని ఆమెకు తోచనే లేదు.

పదింటికి ఫోను మోగింది. మహమ్మద్ నగర్ దగ్గర పొలంలో సిరీష తమ్ముడు కృష్ణకు కరెంటు కొట్టిందట. బాన్సువాడ దవాఖానకే తెచ్చారట. సిరీష చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చింది. హన్మాండ్లు షట్టరు దించబోతుండగా ఆటో ఆగింది. ఆమె తండ్రి ఆశన్న దిగాడు. మోకాళ్ల దాకా బురద.

"మామా, కృష్ణ ఎట్లున్నడు?"

జవాబుగా చెంప పగిలింది. ఆశన్న బల్ల మీది ఇనప పానా అందుకుని అల్లుడి భుజం మీద బలం కొద్దీ మోదాడు. హన్మాండ్లు తూలి పడ్డాడు. మోటరు అంచు తగిలి నుదురు చీలింది. రక్తం కంట్లోకి కారింది.

"నా కొడుకు చెయ్యి బొగ్గయింది రా! వాడు మడిల వడి కొట్టుకుంటుంటె, డబ్బా మీద వాని ఫోన్ల నువ్వు ముచ్చట చెప్తనే ఉన్నవ్! పాయింట్లు రుద్దుండ్రి, పాయింట్లు రుద్దుండ్రి అని!"

డొక్కలో తన్నాడు. పానా మళ్లీ లేచింది. హన్మాండ్లు చెయ్యి అడ్డం పెట్టలేదు. సిరీషకు తను కోసేసిన ముక్క గుర్తొచ్చింది. నోరు విప్పితే పుట్టిల్లు పోతుంది, తమ్ముడు జన్మలో మొహం చూడడు. ఆ భయంతో ఆమె ఇంకో రెండు దెబ్బలు భర్తకు తగలనిచ్చింది. ఆ రెండు దెబ్బలను ఆమె చచ్చేదాకా మరవదు.

మూడో దెబ్బకు అడ్డం దూకింది. "బాపూ, ఆయన ఫ్యూజులు తీసిండు! నేనే గా ముక్క కోసేసిన! జనం చూడరని కోసేసిన!"

ఆశన్న ఎడమచేత్తో ఈడ్చి కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. పానా ఆమె మీదికి లేచేసరికి, నెత్తుటి కళ్లతోనే హన్మాండ్లు లేచి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఆమెను ముట్టకుండ్రి మామా. కోసింది నిజమే. వీడియో పెట్టే ముంగట నాకు సూపిచ్చింది. నాలుగుసార్లు చూసిన. ఫ్యూజుల ముచ్చట లేదని నాకే తెల్వలే. అవి పీకకుంట నేనెన్నడు చెయ్యి పెట్టలే. చూసెటోనికి గది తెల్వదన్న సోయి నాకు లేకపాయె."

పానా కింద పడింది. ఆశన్న గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సిరీష వీడియో తీసేయడానికి ఫోను తెరిచింది. కింద ఎవరో కొత్తగా రాశారు: కరెంటు వచ్చింది, గిప్పుడే చేస్త అన్నా.

ఆమె కెవ్వుమంది. హన్మాండ్లు కూడా చదివాడు.

"తీసేస్తె చూసినోళ్లకు ఎట్ల తెలుస్తది? లైవ్ పెట్టు. జల్ది!"

"రక్తం కారుతుంది, మొకం కడుక్కో."

"కారనీ."

అతను మోటరు పక్కన నిలబడ్డాడు. సిరీష ఫోను ఎత్తింది. ఒక్క క్షణం అతన్ని చూసి, ఫోనును తన వైపే తిప్పుకుంది.

"స్టార్టరు మీద చెయ్యి పెట్టినోళ్లు గిప్పుడే తియ్యుండ్రి. ముందుగాల ఫ్యూజులు పీకాలె. మా ఆయన పీకిండు. మీకు కనవడకుంట కోసింది నేను. నా తమ్ముడు మా వీడియో చూసి చెయ్యి పెట్టిండు. దవాఖానల ఉన్నడు."

వెనక నుంచి ఆశన్న గొంతు వినబడింది.

"రెండు వేళ్లు తీసేస్తరట. గది గూడ చెప్పు బిడ్డా."