బొటనవేలంత ముక్క

కారు స్టార్ట్ కావడం లేదు!

రమాదేవి తాళం తిప్పిన ప్రతిసారీ అంబాసిడర్ దగ్గి, మూలిగి ఊరుకుంటోంది. వెనుక సీట్లో భర్త కరుణాకర్ రావు ఇంజక్షను మత్తులో తల వాల్చి ఉన్నాడు. నుదుటి మీద చెమట ఎంత తుడిచినా మళ్ళీ పడుతోంది. తెల్లవారుతూనే గుండెల్లో నొప్పి అన్నాడు. వీధి చివరి డాక్టరు పరుగున వచ్చి సూది వేసి, ఇది జగిత్యాలలో అయ్యే వైద్యం కాదు, రెండు గంటల్లో కరీంనగర్ పెద్దాసుపత్రిలో ఉండాలన్నాడు. ఆ రోజేమో నక్సలైట్లు పిలిచిన బంద్. రెండు రోజుల కిందట అడవిలో ఎవరో ఎన్‌కౌంటర్ అయ్యారట. బస్సులు లేవు, జీపులు లేవు. ఉన్నదల్లా ఈ పాత కారు.

నక్సలైట్లకు జడిసి కొడిమ్యాల దగ్గరి ఊరు విడిచి జగిత్యాలకు వచ్చి ఆరేళ్ళయింది. భూములు సాగు లేక పడావు పడ్డాయి, దొరల మేడ గడీకి తాళం పడింది. వెంట వచ్చినవి మామగారు కొన్న ఈ కారు, అత్తగారు జానకమ్మ, ఇంత వెండి సామాను. ఆ అత్తగారు నాలుగు రోజులుగా రమాదేవి చేతి అన్నం తినడం లేదు. వేరే పొయ్యి పెట్టుకుని, తన గిన్నెలో తనకింత వండుకుంటోంది. ఏం తప్పు చేశానని అడిగితే మొహం తిప్పుకుంటోంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఎన్నడూ లేనిది... రమాదేవి ఆ బాధ లోపలే దాచుకుంది. ఇప్పుడు దానికి కూడా తీరిక లేదు.

అంట్లు తోమే నర్సవ్వ వెళ్ళి మెకానిక్ భూమయ్యను పిలుచుకొచ్చింది. సిరిసిల్ల నుంచి వచ్చిన పద్మశాలి. మగ్గం కూడు పెట్టక బండ్ల పని నేర్చుకుని, జగిత్యాలలోనే ముగ్గురు పిల్లల తండ్రయ్యాడు. బంద్ నాడు పని చేయకూడదు. అయినా ఎవరికీ కనబడకుండా పనిముట్ల సంచీని తువ్వాలలో చుట్టుకుని వచ్చాడు.

"అమ్మా, ఇగ తాళం తిప్పకుండ్రి. బ్యాటరీల ఉన్న గింత జీవం గూడ పోతది."

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. అప్పటికే ఎన్నిసార్లు తిప్పిందో!

భూమయ్య తొందరపడలేదు. తొందరపడని ఆ మనిషిని చూస్తుంటే రమాదేవికి ఒకపక్క ప్రాణం పోతోంది, మరోపక్క ఏదో ధైర్యం కలుగుతోంది. మగ్గం మీద పోగు తెగితే తన తండ్రి ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడుముకుంటూ పోయేవాడనీ, నడుమ ఎక్కడా వదిలేసేవాడు కాదనీ చెబుతూనే, పెట్రోలు పైపు ఊడదీసి చూశాడు. పెట్రోలు వస్తోంది. ఒక ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి, ఒక్కసారి తాళం తిప్పమన్నాడు. నిప్పురవ్వ లేదు. అక్కడి నుంచి తీగ పట్టుకుని వెనక్కి వెనక్కి వెళ్ళి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. తీసి, నడుము మీద చేయి వేసుకుని నిలబడ్డాడు.

"ఇది ఖరాబు గాలేదమ్మా. ఇందుల ముక్క ఎవలో తీసిండ్రు."

రమాదేవి కారు దిగి వచ్చి లోపలికి తొంగిచూసింది.

"ఇంకెవలు, సారే తీసుంటడు. ఊర్లు ఇడిసొచ్చిన దొరలందరు గిదే పని జేస్తున్రు. ఎవలన్న బండి తీస్కపోతరని, ఆపంగనే రోటర్ పీకి దాసుకుంటరు. గది లేకుంటే ఎంత తిప్పినా నడువది. సార్ ఏడ పెడ్తడో మీకెర్కేనా?"

ఆమెకు తెలియదు. ఆయన ఎన్నడూ చెప్పలేదు. భుజం పట్టి కదిపి అడిగితే కళ్ళు సగం తెరిచి, ఏదో అనబోయి, మళ్ళీ మూసుకున్నాడు.

"అది ఎట్లుంటది, భూమయ్యా?"

"బొటనవేలంత ఉంటది. మట్టి రంగు. మీద ఇత్తడి నాలిక..."

గడపలో నిలబడ్డ జానకమ్మ చేతిలోని చెంబు జారి కింద పడింది.

గోడ పట్టుకుని, మెల్లగా అక్కడే కూర్చుండిపోయింది ఆ డెబ్బై ఏళ్ళ మనిషి. "అది నా తాన ఉన్నది," అంది.

నాలుగు రోజుల కిందట శ్రావణ శుక్రవారం కోసం వెండి సామాను చింతపండుతో తోమించాలని తీసిందట. కోడలి పెళ్ళినాటి కుంకుమ బరిణె తెరిస్తే, లోపల ఎర్రగుడ్డ ముక్కలో చుట్టి ఈ వింత వస్తువు... కుంకుమంతా అంటుకుని!

"బాణామతి అనుకున్న, రమా. నా కొడుకును కట్టేసుకుంటానికి నువ్వే పెట్టినవనుకున్న. ఉప్పుల ఏస్తే దాని బలం పోతదని... ఉప్పు జాడిల ఏసిన."

రమాదేవి తన చేతులు చూసుకుంది. నాలుగు రోజుల వేరు పొయ్యికి కారణం ఇదా! ఈ చేతులతో ఎన్ని కాన్పుల పథ్యాలు వండింది, మామగారికి చివరి రోజుల్లో ఎన్ని గంజినీళ్ళు పట్టింది... అడగాల్సిన మాటలు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ గొంతు దాకా వచ్చాయి. వెనుక సీట్లోంచి భర్త మూలుగు వినబడింది. అన్నీ ఆగిపోయాయి.

"అత్తమ్మా, ఏడ్సుడు మాపటికి పెట్టుకుందాం. జాడి ఏడున్నదో చెప్పుండ్రి."

దేవుడి గూటి వెనుక ఉన్న జాడీ తెచ్చి నేల మీద కుమ్మరించారు. వానాకాలపు చెమ్మకు ఉప్పు గడ్డ కట్టింది. అందులోంచి తీసిన ముక్క మీద ఇత్తడి నాలుక ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది. భూమయ్య దాన్ని పెట్రోలు గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో మెల్లగా రుద్దాడు. పసుపు రంగు మెరిసేదాకా రుద్దాడు. బిగించి, మూత పెట్టి తాళం తిప్పితే ఈసారి దగ్గు కూడా రాలేదు. బ్యాటరీ అయిపోయింది.

"నూకాలె," అన్నాడు భూమయ్య స్టీరింగు ముందు కూర్చుంటూ.

రమాదేవి, నర్సవ్వ వెనక చేరి తోశారు. కారు కదలలేదు. అప్పుడు జానకమ్మ లేచి వచ్చింది. ఒకప్పుడు ఈ కారుకే పరదాలు కట్టుకుని తిరిగిన దొరసాని, పరాయి మగవాడి ఎదుట గొంతెత్తి మాట్లాడి ఎరగనిది, నడివీధిలో కొంగు నడుముకు చెక్కుకుని, కోడలి చేతి పక్కన తన ముడతల చెయ్యి ఆనించింది. అది చూసి ఎదురింటి తలుపు తెరుచుకుంది. పక్కింటి తలుపు తెరుచుకుంది. బంద్ అని లోపల కూర్చున్నవాళ్ళు ఒక్క మాట అడక్కుండా వచ్చి చేతులు వేశారు. వాలులో కారు దొర్లింది, కుదిపింది, ఒక్కసారి తుమ్మినట్టయి... అందుకుంది!

అత్తాకోడళ్ళు ఎక్కగానే భూమయ్యే నడిపాడు. కొండగట్టు దిగువన రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి ఉన్నాయి. అక్కడ బంద్ కాస్తున్న మనుషులు లోపలికి తొంగిచూశారు. ఒకతను జానకమ్మ ముఖం చూసి, వంగి రాళ్ళు జరిపాడు. ఏ ఊరివాడో, ఎవరి బిడ్డో తెలియదు. రమాదేవి చేతులు జోడించింది.

పొద్దు వాలేసరికి డాక్టరు బయటికి వచ్చి, వేళకు తెచ్చారమ్మా, గండం గడిచింది అన్నాడు. ఇంకో గంటకు కరుణాకర్ రావు కళ్ళు తెరిచాడు. తెరిచి అడిగిన మొదటి మాట కారు ఎట్లా కదిలిందని. రమాదేవికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నా బరిణెలనే పెట్టి, నాకెందుకు చెప్పలేదు?"

"ఎవలన్న వచ్చి అడిగితే నీకు అబద్ధమాడొస్తదా?" అన్నాడాయన సన్నని గొంతుతో. "తెల్వకుంటే తెల్వదని చెప్తవు. నిన్నేమనరు."

ఆమె ఆయన అరచేయి తన చెంపకు ఆనించుకుంది. నాకు తెలియకుండా నన్ను కాపాడాననుకున్నాడు పాపం... తెలిసి ఉంటే గంట ముందే బయల్దేరేవాళ్ళం! ఇక మీదట తనకు చెప్పే దాచాలంది. ఆయన తల ఊపాడు.

రమాదేవి వరండాలోకి వచ్చేసరికి జానకమ్మ బెంచీ మీద ముడుచుకుని కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. భూమయ్య ఎక్కడి నుంచో అన్నం, పప్పు తెచ్చి పెట్టాడు. కారు ఆపగానే అలవాటుగా రోటర్ పీకి తెచ్చానంటూ ముసలమ్మ చేతిలో పెట్టాడు.

"ఈసారి ఉప్పుల ఎయ్యకుండ్రి, దొరసానమ్మా."

జానకమ్మ నవ్వలేదు. దాన్ని కొంగు చివర ముడి వేసింది. మళ్ళీ విప్పింది. కోడలి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"నీ తాన్నే ఉంచు, బిడ్డా. నేను దేన్ని జూసి ఏమనుకుంటనో నాకే నమ్మిక లేదు."

రమాదేవి పొద్దున దాచుకున్న మాటల కోసం లోపల వెదికింది. ఒక్కటీ దొరకలేదు. ముక్కను రవికెలో భద్రం చేసుకుని, చేయి కడుక్కుని అన్నంలో పప్పు కలిపి ముద్ద చేసింది.

జానకమ్మ తన చెయ్యి చాపలేదు. చంటిపిల్లలా నోరు తెరిచింది.