అద్దం వేళ

అంగారకుడి మీద సూర్యాస్తమయం నీలంగా ఉంటుంది. సూర్యుడు దిగే చోట, గాలిలోని సన్నని ధూళి వల్ల నీలి వెలుగు పరుచుకుంటుంది. అరుణపురంలో పుట్టిన పిల్లలకు అది మామూలే. భూమి నుంచి వచ్చినవాళ్ళు మాత్రం ఎన్నేళ్ళున్నా గాజు గోపురం కింద నిలబడి నోరు తెరుచుకుని చూస్తారు. అంతకంటే ఎక్కువగా వాళ్ళు ఆశ్చర్యపోయేది ఆ తర్వాత జరిగేది చూసి. నీలం కనబడగానే ఊరు మాట్లాడటం ఆపేస్తుంది. టీ కొట్టాయన స్టవ్ ఆర్పేస్తాడు, ట్రాములు ఆగిపోతాయి, బేరమాడుతున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూర్చుంటారు. దాన్ని అద్దం వేళ అంటారు.

ఆ వేళ అందరూ దినదర్పణి చదువుకుంటారు. నుదుటికి కట్టుకునే సన్నని పట్టీ అది. మెదడులోని నాడీ సంకేతాలను, అంటే న్యూరల్ సిగ్నల్స్‌ని పగలంతా పట్టుకుని, సాయంత్రానికి ఆ మనిషి రోజు మొత్తాన్ని ఒక పేజీగా రాసి కళ్ళ ముందు పెడుతుంది. చేసినవే కాదు, చేయాలనుకుని మానేసినవి కూడా. పూర్వం డైరీ రాసుకునేవాళ్ళు తమకు తామే కాస్త అబద్ధం చెప్పుకునేవారు. దర్పణికి అలాంటి మొహమాటాలు లేవు. ఎవరి పేజీ వాళ్ళదే, వాళ్ళు ఇస్తే తప్ప మరొకరు చదవలేరు.

ఒకరు వదిలిన గాలినే శుభ్రం చేసి ఇంకొకరు పీల్చుకునే ఊళ్ళో తగాదా వస్తే ప్రాణాల మీదికే వస్తుంది. దర్పణి వచ్చాక తగాదాల్లేవు. పోలీసు స్టేషన్‌లో ఇప్పుడు పిల్లలు సరిగమలు నేర్చుకుంటున్నారు. భూమి నుంచి వచ్చిన నిపుణులు ఆ ప్రశాంతత చూసి, దాన్ని కనిపెట్టిన డాక్టర్ మణిమేఖల చేతులు పట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు.

అలాంటి మణిమేఖలకు ఆ మధ్యాహ్నం ప్రయోగశాలలో కాలు నిలవడం లేదు. ఆమెతో ఇరవై ఏళ్ళు పనిచేసిన కృపానందం శనిగ్రహం ఓడ ఎక్కుతున్నాడు. ఆ ఓడ తిరిగి రాదు.

అరుణపురంలో వెళ్ళిపోయేవాళ్ళకు తమ పేజీ ఒకటి ఇవ్వడం ఆచారం. ఏం ఇవ్వాలో మణిమేఖలకు ఎప్పుడో తెలుసు. ఊరు మొదటిసారి టమాటా వేసిన ఏడాది, అందరూ రోటిపచ్చడి గురించే మాట్లాడుకుంటున్న రోజుల్లో, తోట రాత్రికి రాత్రి గడ్డకట్టుకుపోయింది. వేడి గాలి వాల్వు కృపానందమే కట్టేశాడని ఆమె నిండు సభలో చెప్పింది. కట్టేయమన్నది తనేనని తర్వాత తన ఆదేశాల్లోనే చూసుకుంది. సభలో మాత్రం దిద్దలేదు. ఊరు అతన్ని ఇప్పటికీ 'టమాటా కృపానందం' అంటుంది. అప్పటిదాకా అతను ఆమెను 'మణక్కా' అని పిలిచేవాడు, ఆ రోజు నుంచి 'మేడమ్' అంటున్నాడు.

"దర్పణీ, కృపానందానికి క్షమాపణ చెప్పాలని నేననుకున్న పేజీలన్నీ తియ్యి. మంచిది చూసి ఇస్తాను" అందామె.

గది గోడల మీద పేజీలు వెలిగాయి. గోడలు నిండిపోయాయి. పైకప్పు కూడా నిండింది. తన లోపల ఇంత పశ్చాత్తాపం ఉందా అని మణిమేఖల తల పైకెత్తి అలాగే నిలబడిపోయింది.

"ఇన్నిసార్లు అనుకున్నానా? ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?"

"తప్పు ఒప్పుకున్న మనిషి మనసులో బరువు దిగడం నేను కొలవగలను" అంది దర్పణి. "మీరు పేజీ చదివినప్పుడు కూడా అంతే బరువు దిగుతోంది. దిగాక, వెళ్ళి చెప్పాలన్న తపన మీలో మిగలడం లేదు."

"నా ఒక్కదానికేనా?"

"పేర్లు చెప్పకూడదు. దాదాపు ఊరందరికీ ఇంతే. ప్రతి సాయంత్రం అందరూ ఎవరినో ఒకరిని క్షమాపణ అడుగుతున్నారు. ఎదుటి మనిషికి వినబడేలా అడగడం మాత్రం ఆగిపోయింది."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు నాకు?"

"రాయడమే నా పని. మీరు అడగడం ఇవాళే."

మణిమేఖల పేజీ తీసుకోకుండానే పరుగెత్తింది. అరవై దాటిన మనిషి, ఆయాసపడుతూ ఓడరేవు చేరేసరికి కృపానందం మెట్ల దగ్గర సామాను అందిస్తున్నాడు.

"వాల్వు కట్టెయ్యమన్నది నేనే, కృపా. నింద నీ మీద వేశాను. నన్ను క్షమించు" అంది ఒక్క ఊపిరిలో.

అతను సంచీ కింద పెట్టాడు. "ఎప్పుడో క్షమించేశానక్కా. 'మణక్కని క్షమించాను' అని ఏ రోజుకారోజు పేజీలో చదువుకునేవాణ్ణి. ఎంత హాయిగా ఉండేదో. ఇంక మీకు చెప్పాలని తోచనే లేదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చారు. ఇన్నేళ్ళు పక్క పక్క బల్లల దగ్గర, ఒకరు అడుగుతూ ఒకరు ఇస్తూ, ఒక్క మాట అటూ ఇటూ దాటకుండా బతికారు.

"ఇవాళ సభలో చెప్తాను. తోట సంగతీ చెప్తాను, దర్పణి సంగతీ చెప్తాను" అంది మణిమేఖల.

"చెప్పండక్కా. ఆ పేరు పోవాలని నాకూ ఉంది. సభ ప్రసారం ఓడలోకి వస్తుంది, వింటాను." కృపానందం నుదుటి పట్టీ విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నాకొద్దింక. ఏదన్నా అనిపిస్తే పక్కవాడికే చెప్పుకుంటాను."

మాట్లాడేది ఉందని సభకు కబురు పంపి ఆమె ట్రాము ఎక్కింది. దారిలో ఆకాశం నీలమైంది. ట్రాము ఆగింది. చుట్టూ అందరూ తలలు వంచుకున్నారు. మాటలు సరిగ్గా కుదుర్చుకుందామని మణిమేఖల కూడా తన పేజీ తెరిచింది.

'కృపానందం నిర్దోషి అని, దర్పణి మన నోళ్ళు కట్టేస్తోందని ఈ రోజు సభలో చెప్పాలనుకున్నాను.'

రెండుసార్లు చదివింది. ఎంత నిజం, ఎంత ధైర్యం అనిపించింది. కళ్ళు చెమర్చాయి. ఛాతీ మీది బండ ఏదో దిగిపోయినట్టు ఊపిరి తేలికైంది. ట్రాము కదిలింది.

సభ నిండుగా ఉంది. "డాక్టర్ గారూ, ఏదో చెప్పాలన్నారట" అన్నాడు అధ్యక్షుడు.

మణిమేఖల లేచి నిలబడింది. చేతిలో కృపానందం పట్టీ ఉంది. చెప్పవలసింది తెలుసు, చెప్పాలన్న ఆరాటం కోసమే లోపల వెతుక్కుంది. అక్కడ హాయి తప్ప ఏమీ దొరకలేదు.

"పెద్దగా ఏమీ లేదండీ. మనసు చాలా తేలిగ్గా ఉంది" అంది.

సభ మెల్లగా చప్పట్లు కొట్టింది. పైన, నీలం ఆరిపోతున్న ఆకాశంలో, కృపానందం ఓడలోని స్పీకరుకు చెవి ఆనించి ఇంకా వింటున్నాడు.