తల లేని సేనాధిపతి

ముబాషిరాకు ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఏడాది కూడా నిండని తన కూతురు నిలోఫర్ ఏదో చిన్న వస్తువు నోట్లో వేసుకుంటుంది, అది గొంతులో ఇరుక్కుంటుంది, ఆ సంగతి తెలియక తాను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోతుంది. నిద్రలో కూడా అదే కల. అందుకే ద్రాక్షపండునైనా ముక్కలు చేసి కానీ పెట్టదు. గౌను గుండీలు లాగి చూసి కానీ తొడగదు. ఊడ్చిన నేలనే మళ్లీ ఊడుస్తుంది.

అలాంటి మనిషికి దేవుడు ఖాలిద్‌ను మొగుడిగా ఇచ్చాడు.

ఆ రోజు పొద్దున టీ వడగట్టబోతే ఫిల్టర్‌కు జాలీ లేదు. పిడి ఉంది, చుట్టూ రింగు ఉంది, మధ్యలోంచి అవతలి గోడ కనిపిస్తోంది.

“ఏమయ్యో! ఇదేంది?”

ముందు గదిలో కిటికీ దగ్గర బల్ల మీద వంగి ఉన్న ఖాలిద్ తల ఎత్తలేదు. “కొంచెమే కోసినా ముబ్బూ. బండికి ముందర జాలీ కావాల. ఇంజన్‌కి గాలి పోవాల్నా వద్దా?”

“ఏ బండికి?”

అగ్గిపెట్టెంత యుద్ధపు బండిని అరచేతిలో పెట్టి చూపించాడు. దాని ముందు భాగంలో ఆమె టీ ఫిల్టర్ మెరుస్తోంది.

“దీన్లో ఇంజన్ యాడుంది?”

“ఉన్నట్టు.”

“అట్లనా. అయితే ఈ టీ కూడా వడగట్టినట్టే తాగు,” అని పొడి తేలుతున్న గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేసింది. పొడి నములుతూనే గ్లాసు ఖాళీ చేశాడు.

ఖాలిద్‌కు మార్కాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. పెళ్లికి ముందు బెంగళూరులో పని చేసినప్పుడు అక్కడి స్నేహితులు ఈ ఆట అంటించారు. వేల ఏళ్ల తర్వాత గ్రహాల మధ్య యుద్ధం జరుగుతుందట. బల్ల మీద చిన్న చిన్న సైన్యాలు నిలబెట్టి, పాచికలు వేసి కొట్టుకుంటారట. కొత్త బొమ్మలు కొనే తాహతు లేక, వాళ్ల దగ్గర మిగిలిన చేతులు, కాళ్లు, తుపాకులు కొరియర్‌లో తెప్పించుకుంటాడు. ఒకడి మొండేనికి ఇంకొకడి కాళ్లు అతికిస్తాడు. చాలకపోతే ఇంట్లో వెతుకుతాడు. కుక్కర్ విజిల్ రాడార్ అయింది. దగ్గుమందు మూత ఫిరంగి చక్రం అయింది. మిక్సీ జార్ అడుగున తిరిగే రబ్బరు ముక్క ఒకనాడు మాయమైతే, అది ఏదో గ్రహంలో కోట బురుజుగా తేలింది.

“పదో తరగతితో చదువు మానిపించి నన్ను ఈ ఇంటికి తోలినారు. ఆ మనిషికేమో చదువంతా చదివినాక బొమ్మలాట మొదలైంది,” అని పక్కింటి దయామణితో ఎన్నిసార్లు మొత్తుకుందో.

“తాగుడుకు పోలేదు కదా, ఊరుకో పిల్లా,” అనేది దయామణి.

వసారాలో మంచం మీద మామ బుడే సాహెబ్ ఉంటాడు. వయసంతా పలకల మిల్లుల్లో గడిపాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. ఒక మాట అని, గాలి పీల్చుకుని, రెండో మాట అంటాడు. రెండో మాట వచ్చేదాకా ఆగే తీరిక ఇంట్లో ఎవరికీ ఉండదు. ముబాషిరా వేళకు అన్నం పెడుతుంది, వేళకు మాత్రలిస్తుంది. అంతే, మళ్లీ నిలోఫర్ వెనక పరుగు. కొడుకు బొమ్మల కింద పీటల్లా అతికించుకునే పలక ముక్కలు మాత్రం ఆ ముసలాయనే చేసిస్తాడు. దుమ్ము లేవకుండా రాయిని నీళ్లలో తడిపి, పాత కత్తి మొనతో పొరలు విడదీస్తాడు.

ఖాలిద్ బొమ్మల తలలు ముందే అతికించడు. ఒక్కో తలను అగ్గిపుల్ల చివర జిగురుతో నిలబెట్టి, పుల్లలను థర్మకోల్ ముక్కలో గుచ్చి, తలకు విడిగా రంగు వేస్తాడు. ఆ వారమంతా సేనాధిపతి తల పని మీదే కూర్చున్నాడు. శనగగింజంత తల, దాని మీద ఎర్ర కుచ్చు.

ఆ పొద్దున టీ తాగాక స్నానం చేసి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డ ఖాలిద్ గొంతు మారింది.

“ముబ్బూ, సేనాధిపతి తల తీసినావా?”

ఆమె గరిటెతోనే ముందు గదిలోకి వచ్చింది. బల్ల కింద నిలోఫర్ కూర్చుని ఉంది. చేతిలో నమిలిన అగ్గిపుల్ల. పుల్ల చివర తల లేదు. నాలుక మీద ఎరుపు. పిల్ల ఒకసారి దగ్గింది.

ఆ తర్వాత ఏం జరిగిందో ముబాషిరాకు సరిగ్గా గుర్తులేదు. పిల్లను బోర్లా వేసి వీపు మీద చరిచింది, నోట్లో వేలు పెట్టి వెతికింది, చెప్పులు లేకుండా వీధిలోకి పరిగెత్తింది. ఖాలిద్ ఫోను కూడా ఇంట్లోనే వదిలి ఆటో ఆపాడు. వసారాలో ముసలాయన మంచం మీద లేచి చెయ్యెత్తడం ఆమె కంటికొసన కనిపించింది. ఆగలేదు.

పిల్లల డాక్టరు గుండె మీద, వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

“ఊపిరి రెండు పక్కలా బాగానే పోతోందమ్మా. ఆ ఎరుపు అగ్గిపుల్ల మందు. అంత కొంచానికి ఏం కాదు.”

“ఎక్స్‌రే తీయండి సార్.”

“ప్లాస్టిక్ ఎక్స్‌రేలో కనపడదమ్మా. మింగి ఉంటే దొడ్డికి వస్తుంది, చూసుకోండి. మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంచి చూద్దాం.”

కనపడదు. పిల్లను ఒళ్లో వేసుకుని బయట బెంచీ మీద కూర్చున్నాక నోరు తెరిచింది.

“నీకు సైన్యం కావాల్నా, బిడ్డ కావాల్నా? ఇప్పుడే చెప్పు.”

“మెల్లగా. అందరూ చూస్తాండారు.”

“చూడనీ. ఒక మనిషి తన బిడ్డకు ప్లాస్టిక్ తలకాయ మేపినాడని అందరికీ తెలియనీ.”

“నేను తాగినానా? పేకాడినానా? పొద్దస్తమానం జనాల పగిలిన ఫోన్లు చూసి కళ్లు పోతాండాయి. ఒక్క గంట నాకోసం కూర్చుంటా. అది కూడా తప్పేనా?”

“ఆ గంట బిడ్డతో కూర్చున్నావా? మీ అబ్బాతో కూర్చున్నావా?”

“నువ్వు కూర్చున్నావా అబ్బా కాడ?”

ఆ మాట సూటిగా తగిలింది. తగిలేసరికి కోపం ఇంకా పెరిగింది. “ఇంటికి పోంగానే ఆ డబ్బాలన్నీ ఎత్తుకపోయి సందు మలుపు కాడి పలక ముక్కల కుప్పలో పారేయ్. లేదంటే నేను, నా బిడ్డ దొనకొండ పోతాం. మా అమ్మీ ఇంట్లో కనీసం టీ ఫిల్టర్‌కు జాలీ ఉంటది.”

ఖాలిద్ ఆమె ఒళ్లోని పిల్ల వైపు చూశాడు. “పారేస్తా,” అన్నాడు.

మధ్యాహ్నం దాటాక డాక్టరు పంపించాడు. పిల్ల ఆటోలో హాయిగా నిద్రపోయింది. ఇంటి ముందు దిగేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. వసారాలో మంచం ఖాళీ. దుప్పటి మీద మామ ఊపిరి పీల్చే మందు గొట్టం ఒక్కటే ఉంది.

“అబ్బా!” అని తండ్రిని పిలుస్తూ ఖాలిద్ పెరట్లోకి పరిగెత్తాడు. లేడు.

అడుగు తీసి అడుగు వేయలేని మనిషి, మందు లేకుండా ఎక్కడికి పోయాడు? ముబాషిరా పిల్లను భుజాన వేసుకుని, ఆ గొట్టం పట్టుకుని వీధిలోకి దౌడు తీసింది. సందు మలుపులో పలక ముక్కల కుప్ప పక్కన దయామణి చేతులూపుతోంది.

“ఇటు, ఇటు! నేను పనికి పోయి ఇప్పుడే వచ్చినా పిల్లా. చూస్తే ఈయన ఇక్కడ కూలబడి ఉండాడు. ఇంటికి రా పెద్దాయనా అంటే రాడు. మీరు ఈ దారినే వస్తారంట. నీళ్లిస్తే తాగడు, ఆ గుప్పిలి తెరవడు.”

వాళ్ల ఆటో ఇందాక వెనక వీధిలోంచి ఇంటికి చేరింది. ముసలాయన ముందు దారిని చూస్తూ కూర్చున్నాడు.

ముబాషిరా మోకాళ్ల మీద కూలబడి గొట్టం నోటికి అందించింది. మందు లోపలికి పోయింది. పెదవుల నీలం కాస్త తగ్గింది. అప్పుడు ఆయన గుప్పిలి తెరిచాడు. చెమటలో తడిసిన శనగగింజంత తల. ఎర్ర కుచ్చు.

“బిడ్డ...” గాలి పీల్చుకున్నాడు. “మింగలా. నేను తీసినా. పుల్ల... కింద పడింది. వంగలేక... మంచం కాడికి పోయినా. అంతలోకే బిడ్డ...” మళ్లీ గాలి. “మీరు పోతాంటే... అరిచినా బేటీ. ఊపిరి చాలలా.”

ముబాషిరా మొదటిసారి ఆయన రెండో మాట కోసం, మూడో మాట కోసం ఆగింది. ఆస్పత్రి దాకా నడిచి చెబుదామని బయలుదేరాడట. సందు మలుపు దాకా రాగలిగాడు.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక ఖాలిద్ మెల్లగా అడిగాడు. “ఎందుకు తీసినావ్ అబ్బా?”

బుడే సాహెబ్ దిండు కింద నుంచి మాత్రల డబ్బా ఒకటి తీశాడు. మూత తెరిస్తే లోపల పలక పీట మీద ఒక బొమ్మ. ఒకడి కాళ్లు, ఇంకొకడి చేతులు, పాల కవరు కోసి చుట్టిన చీర. చంకలో పిల్ల, చేతిలో చీపురు. మెడ మీద తల లేదు.

“ఇవన్నీ నీకు ఎక్కడివి?”

“కింద పడతాండాయి... నువ్వు కోసేటప్పుడు. బిడ్డ నోట్లో పెట్టుకుంటదని... మధ్యాన్నం బేటీ పండుకున్నాక ఏరతాండా.” గాలి పీల్చుకుని నవ్వాడు. “చేతులు, కాళ్లు దొరుకుతాండాయి. తలలు... పడవు. సైన్యమంతా యుద్ధానికి పోతే... ఇంటికాడ కాపలా ఎవరు? ఈ పిల్లే కదా. ఆ ఎర్ర కుచ్చు... బేటీకి బాగుంటదని.”

ముబాషిరా ఆ బొమ్మను చేతిలోకి తీసుకుంది. ఊడ్చిన నేలనే తాను మళ్లీ ఊడుస్తూ, ఒక్క ముక్క కూడా దొరకలేదని అనుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. తన కంటే ముందే ఎవరో గోడా బల్లా పట్టుకుని వంగి ఆ నేలంతా వెతికారు. ఇన్నాళ్లూ ఇంత ఇంట్లో ఆ భయం తనొక్కదానిదే అనుకుంది.

“మామా,” అంది. ఆయన పాదాల దగ్గర కూర్చుని ఏడ్చింది.

ఖాలిద్ డబ్బాలన్నీ మూటగట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. “పారేసి వస్తా.”

“పారేయొద్దు,” అంది ముక్కు తుడుచుకుంటూ. “మూతున్న పెట్టె కొనుక్కో. ఇంక ఆ బల్ల కాడ కాదు, మామ మంచం కాడ కూర్చో, ఇద్దరూ కలిసి చేయండి. కింద ఒక్క ముక్క పడిందా, నీ చేతులూ కాళ్లూ ఊడదీసి కొరియర్‌లో బెంగళూరు పంపుతా. ముందు నాకు ఫిల్టర్ తెచ్చి మాట్లాడు.”

“మరి సేనాధిపతికి తల?”

“లేకుంటే ఏం? మన ఇంట్లో మగాళ్లకు అది అలవాటే.”

ముసలాయన నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు తగ్గేదాకా ఇద్దరూ ఆగారు.

ఇప్పుడు ఆ తల పాల కవరు చీర కట్టుకున్న బొమ్మ మీదే ఉంది. ఇది చదువుతున్న మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో వసారాలో ఒక మంచం ఉంటే, ఫోను పక్కన పెట్టి ఒక్కసారి వెళ్లి చూడండి. అన్నం తిన్నారా అని కాదు, ఏమైనా చెప్పాలని ఉందా అని అడగండి. రెండో మాట రావడానికి కాస్త ఆలస్యమవుతుంది. దయచేసి ఆగండి.