ఐదు నిమిషాలకోసారి

ఆ ఇంటి వెనక గది మంచిది కాదని వీధి వీధంతా చెప్పుకునేది. అంతకుముందు అద్దెకున్న ముసలి గడియారాల మెకానిక్ ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. పోయాక కూడా కుర్చీ వదల్లేదని పక్కింటి పిన్ని మాట. "రాత్రి రెండింటికి వస్తాడమ్మా... కూర్చుంటాడు... అంతే. ఏమీ అనడు," అని గొంతు తగ్గించి మరీ చెప్పేది.

అలాంటి ఇంట్లో అద్దెకు దిగాడు పంప్‌హౌస్ ఆపరేటర్. భార్యకు ఎనిమిదో నెల. ముందు గదిలో ఉక్క భరించలేక ఆమె వెనక గదిలోనే పడుకునేది. దెయ్యమంటే ఆమెకు నవ్వు. భయమంతా అతనికే! వారానికి ఆరు రాత్రులు మోటార్ల దగ్గర డ్యూటీ. నెలలు నిండుతున్న మనిషి, ఒంటరిగా, ఆ గదిలో... ఏదైనా అయితే చూసే దిక్కెవరు? ఆ దిగులు అతన్ని పీక్కుతినేది.

అందుకే గదిలో కెమెరా పెట్టాడు. ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు కనెక్షన్‌తో పాటు ఇచ్చేదే. దాంతో వచ్చిన పాస్‌వర్డ్‌ను తర్వాత మార్చొచ్చులే అని వదిలేశాడు. మెట్ల కింద ఒక పాత కంప్యూటర్ రాత్రింబవళ్లు నడిచేది. దాన్ని భార్య "మీ పెద్దబిడ్డ" అని ఏడిపించేది.

పెద్దబిడ్డకు పని ఒక్కటే. నెట్‌లో ఇంటి చిరునామాగా కంపెనీ ఇచ్చే నంబరుకు నిలకడ లేదు. కరెంటు పోయి వస్తే చాలు, కొత్త నంబరు ఇచ్చి, పాతది ఇంకెవరింటికో ఇచ్చేస్తారు. అందుకని అతను ఇంటికి నెట్‌లో, ఆ నంబరు దగ్గరకు దారి చూపే ఒక పేరు తీసుకుని, కంప్యూటర్ తనంతట తానే నడిపే చిన్న స్క్రిప్టు రాశాడు. ఐదు నిమిషాలకోసారి అది లేస్తుంది. ఇప్పటి నంబరును ఫైల్లో ఉన్న నంబరుతో పోలుస్తుంది. మారిందా, కొత్తది ఫైల్లో రాసుకుని, ఆ పేరు నడిపేవాళ్లకు కబురు పెడుతుంది. ఫోన్లో పేరు నొక్కితే గది కనపడుతుంది. నిమిషానికోసారి బొమ్మ ఆగి, మళ్లీ ఆ పేరు పట్టుకునే ఇల్లు వెతుక్కుని వస్తుంది. మూడు నెలలు చిన్న పొరపాటు కూడా లేదు.

ఆ సాయంత్రం కరెంటు పోయి వచ్చింది.

రాత్రి రెండు దాటింది. మోటార్ల హోరు తప్ప మరో చప్పుడు లేదు. రీడింగులు రాసి, ఫోన్ తీసి, పేరు నొక్కాడు.

గది చీకటిగా ఉంది. బూడిదరంగు బొమ్మ... మంచం లేదు.

మంచం ఉండాల్సిన చోట — కుర్చీ.

కుర్చీలో ఒక ముసలాయన. ఊరికే కూర్చుని ఉన్నాడు.

ఆపరేటర్ దిగ్గున లేచాడు. బల్ల మీది ఆఫీసు ఫోన్ అందుకుని ఇంటికి చేశాడు. చాలాసేపటికి భార్య ఎత్తింది.

"ఎక్కడున్నావ్?"

"ఎక్కడుంటాను... వెనక గదిలోనే."

"గదిలో... ఎవరున్నారు?"

"నేనూ, కడుపులో ఇంకొకరూ. ఏమైందండీ?"

"లైటు వెయ్యి."

"వేశాను."

బొమ్మలో వెలుగు రాలేదు. ముసలాయన మోకాలు రాసుకున్నాడు... మెల్లిగా.

"వేశావా?"

"వేశానండీ బాబూ! కళ్లు చెదిరిపోతున్నాయి."

అప్పుడు చూశాడు గోడను. రెండు కిటికీలు! తమ గదికి ఉన్నది ఒక్కటే.

గుండె మెల్లిగా దారికొచ్చింది. బుర్ర పనిచేసింది. కరెంటు వచ్చాక కొత్త నంబరు వచ్చి ఉంటుంది. స్క్రిప్టు దాన్ని ముందు ఫైల్లో రాసేసుకుని, తర్వాత కబురు పెట్టింది. ఆ పేరు నడిపేవాళ్లు పలకలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు లేచినా, ఫైల్లో నంబరూ ఇంటి నంబరూ ఒకటే కాబట్టి, పని అయిపోయిందనుకుని పడుకుంటోంది. కబురు అందాకే రాసుకోమని చెప్పాల్సింది, తను తిరగేసి రాశాడు. పేరేమో ఇంకా పాత నంబరు దగ్గరే నిలబడి ఉంది. ఆ నంబరు పోయిన ఇంట్లోనూ అదే కంపెనీ కెమెరా, మార్చని అదే పాస్‌వర్డ్!

ఒక్కడే పకపకా నవ్వాడు.

"దెయ్యం లేదు, పాడూ లేదు. మన పెద్దబిడ్డ నిర్వాకం. వెళ్లి ఓసారి ఆపి మళ్లీ వెయ్యి, ఆ ఫైలు చెరిగిపోయి అదే సర్దుకుంటుంది."

"ఈ వేళప్పుడా? సరే, లేపి వస్తాను," అని నవ్వుకుంటూ ఆమె ఫోన్ పెట్టేసింది.

అక్కడితో అతను కూడా ఊరుకోవాల్సింది. కానీ పరాయివాళ్ల గదిలోకి తొంగిచూసినందుకు సిగ్గేసింది. పాస్‌వర్డ్ మార్చుకోమని ఒక మాట చెబుదామని, కెమెరాలోంచి తన మాట వినిపించే మైకు గుర్తు నొక్కాడు.

"తాతయ్యా..."

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "ఎవరూ?"

"భయపడకండి. మీ కెమెరాలోంచి మాట్లాడుతున్నాను. పొరపాటున—"

ముసలాయన వినలేదు. గొంతు ఎటునుంచి వస్తోందో తెలియక గోడలన్నీ చూస్తూ లేచాడు. ఒక అడుగు... రెండో అడుగు... కాళ్లకు దుప్పటి చుట్టుకుంది.

దబ్బున చప్పుడైంది.

బొమ్మలో ఇక ఒక చెయ్యి మాత్రమే కనపడుతోంది. వేళ్లు కదులుతున్నాయి.

"తాతయ్యా! ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ... లేరు నాయనా..."

"మీది ఏ వీధి? చెప్పండి, మనుషుల్ని పంపిస్తాను!"

గోడ గడియారం చూశాడు. రెండూ ఇరవైనాలుగు. ఇంకో నిమిషంలో స్క్రిప్టు లేస్తుంది, పేరు తమ ఇంటికి తిరిగిపోతుంది, ఈ గది ఇక దొరకదు! మళ్లీ ఇంటికి ఫోన్ చేశాడు. రింగవుతోంది... రింగవుతోంది... ఆమె మెట్ల దగ్గరుంది. వద్దు, ఆపెయ్యి, పీకి పారెయ్యి అని ఎవరికి చెప్పాలి?

"తొందరగా తాతయ్యా! వీధి పేరు!"

"నువ్వు... ఎవరివి నాయనా?"

"ముందు వీధి పేరు చెప్పండి!"

"పాత... పాత..."

బొమ్మ ఆగింది. చిన్న చక్రం తిరిగింది... తిరిగింది...

గది నిండా వెలుగు. మంచం. ఒకటే కిటికీ. నడుం మీద చెయ్యి పెట్టుకుని, కెమెరాకేసి చెయ్యి ఊపుతూ భార్య. మంచం మీద మోగుతున్న ఫోన్ తీసి, "ఇదిగో, ఎవరూ లేరు, చూశారుగా? ఇక పడుకోనా?" అంది.

అతను ఫోన్ పెట్టేసి కంపెనీకి చేశాడు. అవతలి అమ్మాయి మంచిదే, ఓపిగ్గా వింది.

"నంబరు చెప్పండి సార్."

నంబరు... ఫైల్లో ఉండేది ఒకే ఒక్క వరుస, అదీ కొత్తది. పాతవి దాచుకోవడం ఎందుకులే అని తనే అనుకున్నాడు.

"సాయంత్రం దాకా మా ఇంటికున్న నంబరేనమ్మా. మీ దగ్గర ఉంటుంది కదా?"

"మాకు ఇప్పటిదే కనపడుతుంది సార్. పాతవి కావాలంటే ఆఫీసులో అడగాలి. పొద్దున పదింటికి తెరుస్తారు."

ఫోన్ బొమ్మలో భార్య లైటు తీసేసింది. బొమ్మ మళ్లీ బూడిదరంగైంది. నిద్రపో అని ఒక్క మాట చెప్పడానికి మైకు గుర్తు మీద వేలు పెట్టాడు. నొక్కలేకపోయాడు.

ఎక్కడో ఇంకో వీధిలో, ఇంకో గదికి ఇక చెడ్డపేరు వస్తుంది. రాత్రి రెండింటికి ఆ గోడల్లోంచి ఎవరో 'తాతయ్యా' అని పిలిచారని చెప్పుకుంటారు — చెప్పడానికి ఆ ముసలాయన మిగిలి ఉంటే.