నాలుగో ముడి

శుభవార్త వచ్చేసరికి నేను ధర్మవరంలో మా మామగారింటి కిటికీ బయట నిలబడి, లోపలున్న నా భార్యకు మిరపకాయ బజ్జీ అందిస్తున్నాను.

ఆషాఢం. కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. కిటికీ సంగతి పెద్దలెవరూ చెప్పలేదు. అందుకని రోజు మార్చి రోజు అనంతపురం నుంచి బస్సెక్కి వచ్చి ఈ ఊచల ముందు నిలబడతాను. బొరుగుల ఉగ్గాని పొట్లం ఊచల్లో పట్టదు. ఆశ్రిత దోసిలి పడితే చెంచాతో వేస్తాను. పెళ్ళై ఇరవై రెండు రోజులు. ఇంతకన్నా సుఖం ఇంకేముంటుందో నాకు తెలియదు.

ఫోన్ మోగింది. జయరాం సార్. నేను పాటలు కట్టిన బొమ్మల సినిమా ‘మబ్బు వెంట మేకపిల్ల’కు ఆయనే దర్శకుడు. ఆశ్రిత కూడా వింటుందని స్పీకర్ పెట్టాను.

"శశీ, మన మేకపిల్ల స్టేజ్ ఎక్కుతోంది! మొదటి ఆట మీ అనంతపురంలోనే. ఆడేదంతా బడిపిల్లలే, పాటలన్నీ లైవ్. రేపు పదింటికి రిహార్సల్, వచ్చెయ్."

ఆశ్రిత ఊచలు పట్టుకుని ఎగిరింది. దోసిట్లోని ఉగ్గాని నేల పాలైంది.

"ఒక్కటే చిక్కు" అన్నారు సార్. "చివరి పాట మధ్యలో ఆ మౌనం. స్టేజ్ మీద పిల్లలు పాట మర్చిపోయినట్టు ఉంది. లెక్కపెట్టి ఆగమంటే ఒకడు ముందు, ఒకడు వెనక. డాబా మీద మబ్బును చూస్తుంటే తట్టిందన్నావు కదా, ఆ కథ నువ్వే వాళ్ళకు చెప్పు. అప్పటికీ కుదరకపోతే తీసేద్దాం."

నా చేతిలోని బజ్జీ చల్లారిపోయింది.

కరువు పట్టిన ఊరికి ఒక మేకపిల్ల మబ్బును దారంతో కట్టి లాక్కొచ్చే కథ అది. చివర్లో ‘ఒక్క అడుగే, మబ్బా’ అని పాడుతుంది. అక్కడ పాట ఆగిపోతుంది. వాయిద్యాలూ ఆగిపోతాయి. సినిమా హాల్లో పిల్లలు కుర్చీ అంచుకు జరిగేవాళ్ళు. అప్పుడు మెల్లగా, ‘మా ఊరు’.

ఆ మౌనం ఎలా తట్టిందని ఎవరడిగినా డాబా అన్నాను, మబ్బు అన్నాను. మా ఇంటికి డాబాయే లేదు. రేకుల ఇల్లు.

అసలు సంగతి వేరు. రెండేళ్ళ కిందట మగ్గం చప్పుడు రికార్డు చేసుకోవడానికి ఈ ఇంటికే వచ్చాను. మగ్గం గుంటలో కూర్చుని ఒక అమ్మాయి, కాళ్ళ తొక్కుడుకు సరిగ్గా, ఏదో కూనిరాగం తీస్తోంది. ఇంకాస్త దగ్గరికి జరిగాను. మైకు తీగ తగిలి పట్టుపోగు పుటుక్కున తెగింది.

"ఏమప్పా! కండ్లు యాడ పెట్టుకోనుండావు? తెంపినోడే ముడేయల్ల. ఇది మా ఇంటి రివాజు!"

తెగిన కొసలు పట్టుకున్నాను. అంత సన్నటి పోగు కంటికి ఆనలేదు. ఆమె విసుక్కుని నా చేతిలోంచి లాక్కుంది, ముడి వేసింది, ఆపిన చోటు నుంచే రాగం ఎత్తుకుంది. ఆ రాగం, ఆ ఆగడం రెండూ రికార్డర్‌లో పడ్డాయి. రెండూ పాటయ్యాయి. నా పేరుతో.

తర్వాత చప్పుడు సరిగా రాలేదన్న వంకతో మూడుసార్లు వచ్చాను. నాలుగోసారి పిల్లను అడగడానికి మా నాయనను తీసుకొచ్చాను. వచ్చిన ప్రతిసారీ చెప్పాలనుకున్నాను. ఆశ్రిత గుర్తుపట్టలేదులే అనుకోవడం అంతకన్నా సులువుగా ఉండేది.

"ఏమిట్లా అయిపోయినావు?" అంది ఇప్పుడు. "రేపు పిల్లోళ్ళకి డాబా కథ చెప్పల్ల గదా. బాగుంటాది."

ఆ కళ్ళలోకి చూడలేక కిటికీ చెక్కకున్న పెచ్చు గోటితో గీకాను.

"ఆశ్రితా, డాబా లేదు."

"తెల్సు. కాపరానికి వచ్చిన్నాడే చూసినా. రేకులు."

"పాట కూడా నాది కాదు. నీది. ఆ రోజు పోగు తెగినప్పుడు..."

పక్క గదిలో మామ ఈశ్వరప్ప మగ్గం టకటకా ఆడుతూనే ఉంది.

"సినిమా హాల్లో నాయన నా చెయ్యి పట్టుకున్యాడు" అంది ఆశ్రిత. "‘పాపా, ఇది మన మగ్గమే’ అన్యాడు. నేను పుస్తెలు కట్టించుకోకముందే చెప్తావనుకుంటి. కట్టినాక చెప్తావనుకుంటి."

నా చెవులు కాలిపోయాయి. ఆ హాల్లో, వాళ్ళకు నాలుగు వరసల ముందు, చప్పట్లు కొట్టించుకుంటూ కూర్చున్నది నేనే.

"మరి ఎందుకు అడగలేదు?"

"తెంపినోడే ముడేయల్ల కదా" అంది. నవ్వలేదు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "నాకేసిన మూడు ముళ్ళూ బాగనే వేసినావు. ఈ ఒక్కటే మిగిలిపోయింది."

మగ్గం ఆగింది.

"పాపా!" లోపలి నుంచి మామ గొంతు. "అల్లుడు ఏడుస్తాండాడా?"

"లేదు నాయనా, ఆయన బజ్జీ కారమంటాండారు!" నాయన వింటుంటే నేను ‘ఆయన’ను. లేకపోతే ‘నువ్వు’ను.

"కారమైతే నీళ్ళియ్యి. ముడేస్తానంటే పోగియ్యి."

మగ్గం మళ్ళీ మొదలైంది. అంటే ఆయన అంతా విన్నాడు. నేల చీలి నన్ను ఆ గుంటలోకి లాక్కున్నా బాగుండునని తోచింది. ఆశ్రిత పకపకా నవ్వింది. ఇరవై రెండు రోజుల్లో ఇంత తేలిగ్గా నవ్వడం ఇదే మొదటిసారి అని నాకు అప్పుడే తెలిసింది.

"ఆ మౌనం తీసేయొద్దని చెప్పు మీ సారుకి. లెక్కపెడితే రాదు, ముడేస్తే వస్తాది. మేకపిల్ల వేషం కట్టిన పాప చేతిలో మబ్బు దారం తెగల్ల. ఆ పాప ముడేసేదాకా అందరూ ఆ చేతుల్నే చూస్తా ఉండల్ల. ముడి పడినాక ‘మా ఊరు’."

ఊచల్లోంచి ఒక ఎర్ర పట్టుపోగు నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. మూసిన వేళ్ళను వెంటనే వదల్లేదు.

"ఈ రాత్రికి బయట అరుగు మీదే పండుకో. రేపు పొద్దున ఆరున్నర బస్సుకి ఇద్దరమూ పోతాండాం. ఆషాఢంలో బస్సు గడప తొక్కొద్దని ఎవురూ చెప్పలేదు. ధర్మవరం దాటినంక నీకు ముడి నేర్పిస్తా. పదింటికి ఆ పిల్లోళ్ళ ముందర నిలబడి, పోగు తెంపింది ఎవురో మొదట చెప్పు. ఆ తర్వాతే ముడెయ్యి."